ప్రోగ్రాము రచనలో ‘గోటూ’: నిషేధించవలసినదేనా?

(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



సంఘం తరఫున ఆదివారాలు కంప్యూటరు తరగతి నడుపుతున్న మేమిద్దరము ఈ ప్రసంగాన్ని కలిసి రాసుకున్నాము. చదివేది ఒకరైనా మాట ఇద్దరిదీ. ఇందులో ఒక తప్పు ఒప్పుకోవడం కూడా ఉన్నది. ఆ తప్పు కూడా ఇద్దరిదీ అని ముందే మనవి చేసుకుంటున్నాము.

కార్యదర్శిగారు మమ్మల్ని పిలిచి, “కంప్యూటరు గురించి అందరికీ అర్థమయ్యేటట్లు ఏదైనా నాలుగు మాటలు చెప్పండి” అన్నారు. కంప్యూటరు వలన కలిగే లాభాలను గురించి మాట్లాడితే మాకూ సులువు, మీకూ సులువు. కాని కొన్ని నెలలుగా ఒక చిన్న మాట మా మనసులో ముల్లులాగా గుచ్చుకుంటున్నది. ఆ మాట పేరు ‘గోటూ’. ప్రోగ్రాములు రాసే భాషలలో అది ఒక వాక్యం. దానిని వాడవచ్చునా, కూడదా అని యాభై యేళ్ళకు పైగా పెద్ద పెద్ద విద్వాంసులు వాదించుకున్నారు. అంత పెద్ద వాదం మన చిన్న తరగతి గదిలోకి ఎలా వచ్చిందో ముందు చెబుతాము.

తరగతిలో జరిగినది

గత సంవత్సరాంత పరీక్షలో పిల్లలకు సి భాషలో ఒక ప్రోగ్రాము రాయమని ఇచ్చాము. ఆ పరీక్షలో మొదటి ఇద్దరికి పైకోర్సు రుసుము సంఘమే కడుతుందన్న సంగతి మీకు తెలిసినదే. డిగ్రీ చదువుతున్న ఒక అమ్మాయి తన ప్రోగ్రాములో మూడు చోట్ల గోటూ వాడింది. మేము మొదటి తరగతినాడే బోర్డు మీద “గోటూ వాడరాదు” అని పెద్ద అక్షరాలతో రాసి ఉంచాము. అందుచేత మరేమీ చూడకుండా ఆరు మార్కులు కోసేశాము. ఆ ఆరు మార్కులతో ఆమె రెండవ స్థానం నుంచి మూడవ స్థానానికి దిగిపోయింది. అంటే కోర్సు రుసుము చేజారిపోయిందన్న మాట.

మరుసటి ఆదివారం ఆ అమ్మాయి రెండు కాగితాలు పట్టుకొని వచ్చింది. కోపమూ లేదు, ఏడుపూ లేదు. “సార్, గోటూ లేకుండా కూడా రాసి తెచ్చాను. రెండూ చదవండి. ఏది తొందరగా అర్థమవుతుందో మీరే చెప్పండి” అన్నది. చదివాము. గోటూ ఉన్న కాగితమే తేటగా ఉన్నది. “మరి ఎందుకు వాడకూడదు సార్?” అని అడిగింది. “పెద్దలు వద్దన్నారమ్మా” అన్నాము. “ఏ పెద్దలు సార్? ఎందుకు వద్దన్నారు?” అన్నది.

మా దగ్గర జవాబు లేదు. మాకు చదువు చెప్పినవారు మాకు చెప్పారు, మేము పిల్లలకు చెప్పాము. అంతే. కారణం మధ్యదారిలో ఎక్కడో జారిపోయింది, ఆజ్ఞ మాత్రం చేతికి మిగిలింది. ఆ రాత్రి నుంచి ఇద్దరము పుస్తకాలు, పాత వ్యాసాలు వెదకి చదవడం మొదలుపెట్టాము. చదివినదే ఈ రోజు మీ ముందు పెడుతున్నాము.

గోటూ అంటే ఏమిటి?

కంప్యూటరు ముఖమెరుగని మా పెద్దమ్మలు, పిన్నమ్మలు కూడా ఈ సభలో ఉన్నారు. వారికి కూడా తెలిసేటట్లు చెబుతాము. ప్రోగ్రాము అంటే కంప్యూటరుకు వరుసగా రాసి ఇచ్చే పనుల చీటీ. ఇంట్లో పెళ్ళికి వంటమాస్టరుకు చీటీ రాసి ఇచ్చినట్లే. కంప్యూటరు పైనుంచి క్రిందికి ఒక్కొక్క వరుసే చదువుతూ, చెప్పింది చెప్పినట్లు చేసుకుంటూ పోతుంది. మధ్యలో “ఇక్కడ ఆగి ఫలానా వరుసకు పో” అని రాస్తే అక్కడికి దూకుతుంది. ఆ దూకమనే వాక్యమే గోటూ.

మన సంఘం చందాలు కూడే ప్రోగ్రాము ఒకటి, పాత పద్ధతిలో, చూడండి.

10. మొత్తం సున్న అనుకో.
20. తరువాతి చందా చీటీ తీయి.
30. చీటీలు అయిపోతే 60కి పో.
40. చీటీ మీది సొమ్మును మొత్తానికి కలుపు.
50. 20కి పో.
60. మొత్తం అచ్చు వేయి.

ఆరు వరుసలు, రెండు గోటూలు. ఇందులో కష్టమేమీ లేదు. మన కోశాధికారిగారు కూడా చదివి తప్పులు పట్టగలరు. ఇప్పుడు ఒకాయన వచ్చి, “వెయ్యి దాటిన చందాకు వేరే రసీదు రాయాలి గదా” అని 35వ వరుసలో “సొమ్ము వెయ్యి దాటితే 300కి పో” అని చేర్చాడనుకోండి. ఇంకొకాయన 300 దగ్గర రసీదు పని రాసి “40కి పో” అన్నాడు. మూడో ఆయన గత సంవత్సరపు బాకీల పని 500 దగ్గర పెట్టి, అతడూ “40కి పో” అన్నాడు. ఇప్పుడు 40వ వరుస దగ్గర నిలబడి ఆలోచించండి. మనం ఇక్కడికి ఎటునుంచి వచ్చాము? 35 నుంచి నేరుగా వచ్చామా? 300 నుంచి వచ్చామా? 500 నుంచి వచ్చామా? చేతిలో ఉన్నది ఈ సంవత్సరపు చీటీయా, పాత బాకీ చీటీయా? 40వ వరుసను ఎంతసేపు చూసినా జవాబు దొరకదు. ప్రోగ్రాము మొత్తం వెదికి “40కి పో” అని ఎవరెవరు రాశారో పట్టుకోవాలి. ఆరు వరుసలకైతే సరే. అరవై వేల వరుసలైతే ఏం చేస్తాము?

ఇలాంటి రాతకు ఇంగ్లీషువారు ఒక తిండి పేరే పెట్టారు, ‘స్పాగెట్టీ’ అని. మన సేమ్యాల వంటిదే. ఒక పోగు కొస పట్టుకొని లాగితే రెండో కొస ఎక్కడ తేలుతుందో ఎవరూ చెప్పలేరు.

ఎందుకు పుట్టింది?

అంత చిక్కు తెచ్చే వాక్యాన్ని అసలెందుకు పెట్టారని మీరు అడగవచ్చు. కంప్యూటరు యంత్రం లోపల ఉండే మూల ఆజ్ఞలలోనే దూకుడు ఆజ్ఞ ఉన్నది. ఈ రోజుకీ ఉన్నది. మనం ఎంత చక్కని భాషలో రాసినా చివరకు యంత్రం దగ్గరకు వచ్చేసరికి అది దూకుళ్ళుగానే మారుతుంది. తొలి భాషలు యంత్రానికి దగ్గరగా ఉండేవి, కావున గోటూ సహజంగానే వచ్చి చేరింది. 1957లో ఐ.బి.ఎం. సంస్థ విడుదల చేసిన ఫోర్‌ట్రాన్ భాషలో ‘అయితే’ అనే వాక్యం ఒక లెక్క కట్టి, ఫలితం సున్నకంటె తక్కువైతే ఒక వరుసకు, సున్న అయితే మరొక వరుసకు, ఎక్కువైతే ఇంకొక వరుసకు దూకేది. ‘అయితే ఇది చేయి, కాకపోతే అది చేయి’ అని గుంపుగా రాసుకునే సౌకర్యం ఫోర్‌ట్రాన్ ప్రమాణంలోకి వచ్చేసరికి 1977 నాటి కూర్పు దాకా ఆగవలసి వచ్చింది.

వ్యాపార లెక్కలకు పుట్టిన కోబాల్ భాషలోనూ గోటూ ఉన్నది. అది చాలదన్నట్లు ‘ఆల్టర్’ అని మరొక వాక్యం ఉండేది. అదేం చేస్తుందంటే, ప్రోగ్రాము నడుస్తుండగానే, ఎక్కడో ఉన్న గోటూ ఎక్కడికి దూకాలో మార్చేస్తుంది. కాగితం మీద ‘300కి పో’ అని కనిపిస్తున్నా అది నిజంగా 700కి పోతుండవచ్చు. చదివేవాడి గతి ఏమిటో ఊహించండి. చివరకు 2002 నాటి కోబాల్ ప్రమాణంలో దానిని తీసివేశారు.

1964లో అమెరికాలోని డార్ట్‌మౌత్ కళాశాలలో కెమెనీ, కర్ట్జ్ అనే ఇద్దరు ఆచార్యులు విద్యార్థుల కోసం బేసిక్ భాషను తయారుచేశారు. ప్రతి వరుసకు ఒక నెంబరు, ఆ నెంబరుకు దూకడానికి గోటూ. మన దేశంలో 1984లో పాఠశాలల్లో కంప్యూటరు పరిచయానికి ‘క్లాస్’ అనే పథకం పెట్టి బి.బి.సి. మైక్రో కంప్యూటర్లు ఇచ్చారు. వాటిలో ఉన్నదీ బేసిక్ భాషే. అయితే ఆ బేసిక్‌లో గోటూతో పాటు, పనులకు పేర్లు పెట్టి పిలిచే వీలూ, ‘ఫలానాది అయ్యేవరకు మళ్ళీ మళ్ళీ చేయి’ అనే వాక్యమూ ఉండేవి. అంటే అప్పటికే గాలి మారిందన్న మాట. ఆ గాలి మార్చిన మనిషిని గురించి ఇప్పుడు చెబుతాము.

డైక్‌స్ట్రా ఉత్తరం

ఎడ్‌స్గర్ డైక్‌స్ట్రా హాలెండు దేశస్థుడు. 1930లో పుట్టి 2002లో కాలధర్మం చెందాడు. కంప్యూటరు శాస్త్రంలో అత్యున్నతమైన ట్యూరింగ్ బహుమతిని 1972లో అందుకున్నాడు. ఆయన 1968 మార్చిలో అమెరికాలోని ఎ.సి.ఎం. అనే విద్వత్సంఘం పత్రికకు ఒక చిన్న ఉత్తరం రాశాడు. గోటూ హానికరమైనదనే అర్థం వచ్చే శీర్షికతో అది అచ్చయింది. తమాషా ఏమిటంటే ఆ శీర్షిక ఆయన పెట్టినది కాదు. ఆయన ‘గోటూకు వ్యతిరేకంగా ఒక వాదన’ అనే భావం వచ్చే మెత్తని పేరు పెట్టి పంపితే, సంపాదకుడైన నిక్లాస్ విర్త్ ఆ గట్టి శీర్షిక తగిలించాడు. శీర్షిక ప్రపంచమంతా తిరిగింది. ఉత్తరంలోని కారణాన్ని చదివినవారు మాత్రం తక్కువ. మేము కూడా మొన్నమొన్నటి దాకా ఆ చదవనివారి జాబితాలోనివారమే.

ఆయన చెప్పిన కారణం యంత్రానికి సంబంధించినది కాదు, మనిషి బుద్ధికి సంబంధించినది. కదలకుండా కాగితం మీద ఉన్నదానిని అర్థం చేసుకోవడంలో మన బుద్ధికి శక్తి ఉన్నది. కాలంతో పాటు మారిపోతూ ఉండేదానిని కళ్ళ ముందు ఊహించుకోవడంలో ఆ శక్తి తక్కువ. కావున కాగితం మీది రాతకూ, యంత్రం నడిచేటప్పుడు జరిగే పనికీ మధ్య దూరం ఎంత తగ్గితే అంత మంచిది. కాగితం మీద ఒక చోట వేలు పెట్టి, “పని ఇంతవరకు వచ్చింది” అని చెప్పగలిగి ఉండాలి. గోటూలు విచ్చలవిడిగా ఉంటే ఆ మాట చెప్పలేము. మన 40వ వరుస సంగతి గుర్తు తెచ్చుకోండి. “ఎటునుంచి వచ్చాము?” అన్న ప్రశ్నకు జవాబు లేకపోవడమే డైక్‌స్ట్రా చూపిన రోగం.

గోటూ లేకపోతే పని జరుగుతుందా అన్న అనుమానానికి అప్పటికే సమాధానం ఉన్నది. బోమ్, యాకొపీనీ అనే ఇద్దరు 1966లో గణితరీత్యా నిరూపించారు. ఒకదాని వెంట ఒకటి చేయడం, రెండింటిలో ఒకటి ఎన్నుకోవడం, ఒక పనిని మళ్ళీ మళ్ళీ చేయడం, ఈ మూడు రీతులతోనే ఏ లెక్కనైనా చేయించవచ్చును. మన చందాల ప్రోగ్రామునే చూడండి. “చీటీలు మిగిలి ఉన్నంతవరకు: ఒక చీటీ తీయి, సొమ్ము కలుపు. పిమ్మట మొత్తం అచ్చు వేయి.” అంతే. గోటూ మాయమైంది, అర్థం మరింత బాగుపడింది.

అయితే ఇక్కడ ఒక మెలిక ఉన్నది. ఏ ప్రోగ్రామునైనా గోటూ లేకుండా మార్చవచ్చునన్నది నిజమే గాని, గుడ్డిగా మార్చి పారేయడం మంచిది కాదని డైక్‌స్ట్రాయే ఆ ఉత్తరంలో హెచ్చరించాడు. అలా మార్చితే వచ్చేది తేటగా ఉండాలని లేదు. ‘ఇది అయిందా లేదా’ అని గుర్తుంచుకోవడానికి అరడజను అదనపు గుర్తులు పెట్టి, వాటిని ప్రతిచోటా అడుగుతూ పోవలసి రావచ్చు. గోటూ అనే మాట పోతుంది, చిక్కు మాత్రం అక్కడే ఉంటుంది. ఆ అమ్మాయి తెచ్చిన రెండవ కాగితంలో మాకు కనిపించినది సరిగ్గా ఇదే.

రెండవ పక్షం

ఉత్తరం వచ్చిన తరువాత వాదోపవాదాలు చాలా జరిగాయి. 1974లో డొనాల్డ్ నూత్ అనే మహా విద్వాంసుడు ఒక దీర్ఘ వ్యాసం రాశాడు. ఎక్కడ గోటూ తీసివేస్తే మేలు, ఎక్కడ ఉంచితే మేలు అని ఉదాహరణలు ఒక్కొక్కటే పెట్టి తూచాడు. గోటూ ఉన్నదా లేదా అన్నది కాదు ముఖ్యం, ప్రోగ్రాము నిర్మాణం మనసుకు స్పష్టంగా ఉన్నదా లేదా అన్నదే ముఖ్యమని ఆ వ్యాస సారాంశం. 1987లో ఫ్రాంక్ రూబిన్ అనే ఆయన, గోటూ హానికరమనడమే హానికరమని అర్థం వచ్చే శీర్షికతో అదే పత్రికకు ఉత్తరం రాస్తే మళ్ళీ కొన్ని నెలల పాటు ఉత్తర ప్రత్యుత్తరాలు నడిచాయి.

భాషలు తయారుచేసేవారు మాత్రం తగువులో కూర్చోక పని చూసుకున్నారు. గోటూతో మనుషులు చేసుకునే మంచి పనులేమిటో కనిపెట్టి, ఒక్కొక్క దానికి వేరే మాట పెట్టారు. చుట్టు మధ్యలో ఆపి బయటికి రావడానికి ఒకటి, ఈ వంతు వదిలి తరువాతి వంతుకు పోవడానికి ఒకటి, పని మధ్యలో ఫలితం చెప్పి ఇంటికి పోవడానికి ఒకటి. ఇవన్నీ దూకుళ్ళే. కాని ఎక్కడికి దూకుతాయో చదివేవాడికి ముందే తెలుసు. 1995లో వచ్చిన జావా భాషలో ఇంకో విచిత్రం. గోటూ అనే మాటను భాష తనకోసం అట్టే పెట్టుకున్నది, కాని దానికి ఏ పనీ ఇవ్వలేదు. ఎవరూ వాడకుండా గదికి తాళం వేసినట్లు. పైథాన్‌లో గోటూ లేనే లేదు. సి భాషలో మాత్రం ఈనాటికీ ఉన్నది.

వార్షికోత్సవం సామానుల కథ

సి భాషలో ఉంచుకోవడానికి కారణమేమిటో, మన ఈ సభ ఏర్పాట్లతోనే చెబుతాము. సభ కోసం ముందు హాలు తాళం తీసుకుంటాము. తరువాత షామియానా అద్దెకు తెస్తాము. తరువాత వంట గిన్నెలు. ఆఖరున మైకు. మైకు దొరకలేదు, సభ వాయిదా పడిందనుకోండి. అప్పుడేం చేయాలి? గిన్నెలు వాపసు ఇవ్వాలి, షామియానా వాపసు ఇవ్వాలి, ఆఖరున తాళం అప్పగించాలి. తెచ్చిన వరుసకు సరిగ్గా ఎదురు వరుస. గిన్నెల దగ్గరే పని చెడితే షామియానా, తాళం రెండే వాపసు. షామియానాయే దొరకకపోతే తాళం ఒక్కటే.

కంప్యూటరులో కూడా అంతే. ప్రోగ్రాము ఒక ఫైలు తెరుస్తుంది, జ్ఞాపకశక్తిలో కొంత చోటు అడిగి తీసుకుంటుంది, ఇతరులు తాకకుండా ఒక తాళం వేస్తుంది. మధ్యలో ఏది చెడినా అంతవరకు తీసుకున్నవన్నీ ఎదురు వరుసలో తిరిగి ఇచ్చేయాలి. ఇవ్వకపోతే అద్దె పెరిగినట్లే యంత్రం క్రమంగా మొరాయిస్తుంది. జావా, పైథాన్ వంటి భాషలలో ఈ వాపసు పనికి ప్రత్యేకమైన ఏర్పాట్లు ఉన్నాయి. సి భాషలో లేవు. అందుచేత సి రాసేవారు, ప్రోగ్రాము చివర ‘గిన్నెలు వాపసు, షామియానా వాపసు, తాళం వాపసు’ అని ఒకే జాబితా రాసుకుంటారు. ఎక్కడ పని చెడిందో దానినిబట్టి ఆ జాబితాలో తగిన మెట్టుకు గోటూతో దిగుతారు. అక్కడి నుంచి క్రిందికి వరుసగా అన్నీ జరిగిపోతాయి. గోటూ లేకుండా రాస్తే ఈ వాపసు జాబితాను ప్రతి వైఫల్యం దగ్గరా మళ్ళీ మళ్ళీ రాయాలి, లేకపోతే ‘అయితే’ లోపల ‘అయితే’ పెట్టుకుంటూ పోవాలి. మళ్ళీ రాసినచోటల్లా ఒకటి మరచిపోయే ప్రమాదం ఉన్నది.

లైనస్ టోర్వాల్డ్స్ 1991లో ప్రారంభించిన లినక్స్ నేడు ప్రపంచంలో లెక్కలేనన్ని యంత్రాలను, మీ జేబుల్లోని ఆండ్రాయిడ్ ఫోన్లతో సహా, నడుపుతున్నది. దాని మూలగర్భాన్ని రాసేవారికి పెట్టిన శైలి నియమాలలోనే, ఒక పనికి బయటపడే దారులు అనేకం ఉండి సర్దవలసినది ఉమ్మడిగా ఉన్నప్పుడు గోటూ వాడుకోవచ్చునని చెప్పారు. దూకే చోటుకు అర్థవంతమైన పేరు పెట్టమని కూడా చెప్పారు. ఆ అమ్మాయి చేసినది సరిగ్గా ఇదే. ఆమె పెట్టిన పేర్లు కూడా బాగున్నాయి. మేమే చూడలేదు.

2014 నాటి పొరపాటు

గోటూను వెనకేసుకొని వస్తున్నామని పిల్లలు సంబరపడకూడదు. 2014 ఫిబ్రవరిలో యాపిల్ సంస్థ తన ఫోన్లలో ఒక పెద్ద లోపాన్ని హడావుడిగా సరిదిద్దుకొన్నది. మనం బ్యాంకు వంటి చోట్లకు ఫోనులో పోయినప్పుడు, అవతలిది నిజమైన బ్యాంకేనా అని ఫోను గుర్తింపు పరీక్ష చేస్తుంది. ఆ పరీక్షలో వరుసగా కొన్ని తనిఖీలు. ఏ తనిఖీ తప్పినా ‘విఫలం’ అనే చోటుకు గోటూ. ఒకచోట ఆ గోటూ వరుస పొరపాటున రెండుసార్లు పడింది. మొదటిది ‘తనిఖీ తప్పితే’ అనే షరతుకు లోబడినది. రెండవది ఏ షరతూ లేనిది. కాబట్టి తనిఖీ బాగున్నా సరే అక్కడి నుంచి దూకేసేది. అసలైన ఆఖరి సంతకం పరీక్ష జరిగేదే కాదు. అంతవరకు తప్పు ఏదీ దొరకలేదు గనుక “అంతా సవ్యం” అనే జవాబు వచ్చేది. దొంగ బ్యాంకు కూడా మంచి బ్యాంకుగా చెల్లిపోయే వీలు ఏర్పడింది.

గోటూయే కొంప ముంచిందని కొందరు కేకలు వేశారు. కాని శాంతంగా చూడండి. గోటూ బదులు ‘ఇక్కడితో చాలించి జవాబు చెప్పు’ అనే వాక్యం రెండుసార్లు పడినా ఫలితం అదే. షరతుకు లోబడిన వరుసలను కుండలీకరణాల మధ్య కట్టి ఉంచితే, రెండవ వరుస కూడా షరతు లోపలే ఉండిపోయేది. చెడ్డ సంతకం పెట్టి పరీక్షించి ఉంటే మొదటిరోజే బయటపడేది. ఇంకొక మనిషి జాగ్రత్తగా చదివి ఉన్నా కనిపించేది. ఒక మాటను నిషేధించి నిశ్చింతగా కూర్చుంటే ఈ మూడు జాగ్రత్తలూ మరచిపోతాము. అసలు నష్టం అక్కడ ఉన్నది.

కార్లలో వాడే ప్రోగ్రాముల కోసం బ్రిటనులో పుట్టిన మిస్రా అనే నియమావళి ఉన్నది. మనుషుల ప్రాణాలతో పని గనుక చాలా కట్టుదిట్టమైనది. 2004 నాటి కూర్పులో గోటూ వాడరాదని ఖచ్చితంగా రాశారు. 2012 నాటి కూర్పులో దానిని సలహాగా సడలించి, వాడితే మాత్రం ముందుకే దూకాలి, వెనక్కి దూకరాదు అనే నియమం పెట్టారు. అంత జాగ్రత్తపరులే తమ నియమానికి కారణం ఏమిటని మళ్ళీ తరచి చూసుకున్నప్పుడు, బోర్డు మీద రాసి మరచిపోయిన మేమెంత?

మన పిల్లలకు ఇది ఎందుకు ముఖ్యం?

1990ల చివర 2000 సంవత్సరం సమస్య వచ్చినప్పుడు, హైదరాబాదుతో సహా మన దేశంలోని ఊళ్ళ నుంచి ఎందరో యువకులు పాశ్చాత్య సంస్థల పాత కోబాల్ ప్రోగ్రాములను చదివి సరిదిద్దే పని చేశారు. సంవత్సరాన్ని రెండంకెలలోనే రాసిన ప్రోగ్రాములు, గోటూలతో నిండినవి, రాసినవారు ఎప్పుడో ఉద్యోగ విరమణ చేసినవి. ఆ పని ఎందరో ఇళ్ళలో పొయ్యి వెలిగించింది. మా పిల్లలలో ఎక్కువమంది రేపు చేయబోయేది కూడా అదే. కొత్తవి రాయడంకంటె ఎవరో, ఎక్కడో, ఎప్పుడో రాసినవాటిని చదివి బాగుచేయడమే ఎక్కువ. ఇప్పుడు ప్రోగ్రాములు రాసిపెట్టే యంత్రాలు కూడా వచ్చాయి. రాయడం సులువైన కొద్దీ, రాసినది సరియైనదా అని చదివి చెప్పగలిగేవాడి విలువ పెరుగుతున్నది.

ప్రోగ్రామును రాసేది ఒకసారి, చదివేది వందసార్లు. చదివేవాడు మనకు ముఖపరిచయం లేని మనిషి. వాడి కష్టం తగ్గించడమే మంచి శైలి. గోటూ ప్రశ్నను ఈ కొలతతో కొలవాలి. గోటూ పెట్టడం వలన చదివేవాడికి దారి తెలిస్తే అది మంచిది, దారి తప్పితే అది చెడ్డది.

ఈ సంవత్సరం నుంచి తరగతిలో మేము చెప్పేది ఇది. మొదటిది, భాషలో వేరే తగిన వాక్యం ఉంటే గోటూ జోలికి పోవద్దు. నూటికి తొంభైపాళ్ళు అదే చాలుతుంది. రెండవది, వెనక్కి దూకవద్దు. మళ్ళీ మళ్ళీ చేయడానికి చుట్టు వాక్యాలు ఉన్నాయి. మూడవది, వాడితే సర్దుబాటు కోసం, ఆ పని చివరకు మాత్రమే వాడు, దూకే చోటుకు చూడగానే అర్థమయ్యే పేరు పెట్టు. నాలుగవది, గోటూతో ఒకసారి, లేకుండా ఒకసారి రాసి, పక్కనున్నవాడి చేత రెండూ చదివించు. వాడు దేనిని తొందరగా అర్థం చేసుకుంటాడో అదే ఉంచు. ఈ నాలుగవ నియమాన్ని మాకు నేర్పినది ఆ అమ్మాయే.

ఇక మిగిలినది మా తప్పు దిద్దుకోవడం. ఆరు మార్కులు తిరిగి ఇచ్చాము. ఆమె మళ్ళీ రెండవ స్థానానికి వచ్చింది. కాని అప్పటికే రెండవ స్థానం దక్కిన కుర్రవాడు ఏ పాపమూ చేయలేదు, వాడి ఇంట్లో రుసుము వచ్చిందని సంతోషంగా ఉన్నారు. ఏం చేయాలో తోచక ఇద్దరము కార్యవర్గం ముందు నిలబడి జరిగినది జరిగినట్లు చెప్పాము. వారు ఒక్క మాట కూడా మందలించలేదు. ముగ్గురికీ రుసుము మంజూరు చేశారు. అందుకు కార్యవర్గంవారికి ఈ సభాముఖంగా కృతజ్ఞతలు తెలుపుకుంటున్నాము. ఆ అమ్మాయి తల్లిదండ్రులు ఈ సభలోనే ఉన్నారు. వారిని క్షమించమని అడుగుతున్నాము.

బోర్డు మీద “గోటూ వాడరాదు” అనే రాతను తుడిచివేశాము. దాని స్థానంలో ఇప్పుడు “గోటూ వాడితే ఎందుకో చెప్పు” అని ఉన్నది. దాని క్రింద పిల్లలెవరో సుద్దముక్కతో “వద్దంటే కూడా ఎందుకో చెప్పండి సార్” అని రాశారు. ఎవరు రాశారో మేము అడగలేదు. తుడవనూ లేదు.